మడమ మీది ముడి

ఆదివారం ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పమని మా చర్చి అయ్యగారు మూడుసార్లు అడిగారు. చెప్పనన్నాను. నిలబడి చెబితే మధ్యలో ఎవరో ఒకరు స్తోత్రం అంటారు, వెనక బల్ల మీద ఎవరో ముక్కు చీదుతారు, చెప్పాల్సింది కాస్తా పక్కకి పోయి ఏడుపు మిగులుతుంది. అందుకని రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, అయ్యగారి భార్య గుడి వరండాలో కూర్చోబెట్టి నేర్పింది. పెద్ద మాటలు రావు. వచ్చినా రాసేదాన్ని కాదు.

నా పేరు సంతోషమ్మ. పేరు చూసి మోసపోకండి. కడియం నర్సరీల్లో మొక్కల కవర్లలో ఎర్రమట్టి నింపి బతికినదాన్ని. మీ ఇంట్లో ఎవరికైనా కాలి వెనక, మడమ పైన ఉండే లావు నరం మీద గట్టి ముడి ఉంటే ఇది చదవండి. వేళ్ళ కణుపుల మీద, కళ్ళ రెప్పల మీద పసుప్పచ్చటి బుడిపెలున్నా చదవండి.

దాళ్వా కోతలప్పుడు

నిరుడు ఎండాకాలం దాళ్వా వరి కోతలు జరుగుతుండగా, మట్టి నింపుతూ నింపుతూ కూర్చున్న చోటే ఆగిపోయాను. రొమ్ము మీద ఎవరో తడిసిన ధాన్యం బస్తా దించి మర్చిపోయినట్టుంది. ఎడమ దవడ లాగుతోంది. చెమట. పక్కనున్న ఆడవాళ్ళంతా ఒకేసారి డాక్టర్లయిపోయారు. గ్యాస్ అంది ఒకావిడ. వేడి చేసింది అంది ఇంకొకావిడ. మేస్త్రి సోడా తెప్పించాడు. ఆ సోడా తాగుతూ చచ్చిపోయినా వాళ్ళు గ్యాస్ అనే అనుకునేవాళ్ళు. మొక్కలకి పురుగు పడితే ఆకు వెనక తిప్పి చూసే మనుషులు, మనిషికి ముంచుకొస్తే మాత్రం సోడా.

నన్ను ఆటోలో వేసుకుని రాజమండ్రి తీసుకెళ్ళింది నా కొడుకు ప్రసాదు. వాడు నర్సరీ మొక్కల్ని మినీ లారీలో ఊళ్ళకి చేరవేస్తుంటాడు. ఆ రోజు లారీ లోడు సగంలో వదిలేసి వచ్చాడు. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. తర్వాత వాడి గురించి చాలా రాస్తాను కాబట్టి ఇది ముందే రాసి పెడుతున్నాను.

ఆసుపత్రిలో మణికట్టులోంచి తీగ పంపి, మూసుకుపోయిన చోట స్టెంటు పెట్టారు. నాకు తెలిసింది చల్లటి గది, నెత్తిమీద తిరిగే మిషను, నర్సులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్న చీరల సంగతి. ఒకమ్మాయి మాత్రం నా పాదాలు చల్లగా ఉన్నాయని దుప్పటి లాగి కప్పింది. ఆ అమ్మాయి పేరు అడగలేదు, అడగాల్సింది.

బయట హాల్లో ప్రసాదుకి కుర్చీ లేదు. ఉప్పాడ నుంచి వచ్చిన ఒక ముసలాయన, భార్య లోపల ఉంటే తువ్వాలు పరుచుకుని నేల మీద కూర్చున్నాడట, సగం తువ్వాలు వీడికిచ్చాడు. 'మా ఊళ్ళో సముద్రం ఇల్లు తీసుకెళ్తానంటే గట్టు కట్టి ఆపుతున్నాం బాబూ, ఇక్కడ ఏ గట్టు కట్టాలో తెలీటం లేదు' అన్నాడట. అదే హాల్లో మా బంధువులు ఆరుగురు కుర్చీల్లో కూర్చుని, కాంటీన్ దోసెలు ఆసుపత్రికి తగినట్టు లేవని చర్చించుకుంటున్నారు.

మర్నాడు డాక్టరు వచ్చాడు. కుర్రవాడే. గుండె చూడాల్సినవాడు నా కళ్ళ రెప్పలు చూశాడు, వేళ్ళు చూశాడు, దుప్పటి తీసి మడమలు పట్టుకుని నొక్కాడు.

"ఈ ముడి ఎప్పట్నుంచి అమ్మా?"

"ముప్పై ఏళ్ళ పైమాటేనండి. అది మా ఇంటి గుర్తు."

"మీ ఇంట్లో ఇంకెవరికుంది?"

గర్వంగానే చెప్పాను. మా నాన్నకుండేది, బాబాయికుండేది, నా తమ్ముడు యోహానుకుండేది. నా కొడుక్కుంది.

"వాళ్ళంతా ఎలా పోయారు?"

అదీ గర్వంగానే చెప్పాను. మా వంశంలో మంచం పట్టినవాడు లేడండి. మా నాన్న నాట్లప్పుడు గట్టు మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు. బాబాయి సైకిలు దిగుతూ పోయాడు. యోహాను క్రిస్మస్ పాటలు పాడి వచ్చి, చొక్కా విప్పుతూ పోయాడు. ఒక్కరూ ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు.

"ఎన్నేళ్ళకి?"

నాన్న నలభై రెండు. బాబాయి నలభై. యోహాను యాభై. డాక్టరు నా మడమని దుప్పటి కింద పెట్టాడు. అప్పుడు ఆ అంకెలు నా చెవికే వినిపించాయి. మంచం పట్టలేదు, మంచం పట్టేటంత వయసు ఎవరికి దొరికింది కనక.

ఆ ముడి రక్తంలోని కొవ్వు నరంలో పేరుకోవడం వల్ల వచ్చిందట. పుట్టుకతో వచ్చే జబ్బట. పిల్లల్లో సగంమందికి దిగుతుందట. "మీ అబ్బాయికి వెంటనే పరీక్ష చెయ్యాలి" అన్నాడు. ప్రసాదు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. విన్నాడు. విని బయటికి వెళ్ళిపోయాడు. వాడి వయసు ముప్పై ఎనిమిది.

మందులు మింగిన ఎండాకాలం

ముడి సంగతి చెప్పకపోతే మీకు వాడి కోపం అర్థం కాదు. మా ఇంట్లో పెళ్ళికొడుకుని చేసేటప్పుడు, నలుగు పెట్టే పెద్దావిడ సున్నిపిండితో మడమ రుద్ది, ముడి తగిలితే "ఉంది" అని పైకి చెప్పాలి. అప్పుడు అందరూ నవ్వి, వాడు మనవాడే అంటారు. తగలకపోతే "లేదు" అంటారు. నా చిన్న తమ్ముడు దావీదు పెళ్ళికి మా మేనత్త "లేదు" అంది. వాణ్ణి ఆ రోజు నుంచి కాలవలో కొట్టుకొచ్చినవాడని ఎగతాళి చేశారు. వాడు నవ్వుతూ నవ్వుతూనే రైల్వేలో ఉద్యోగం చూసుకుని రాజమండ్రి వెళ్ళిపోయాడు.

ఇక ప్రసాదు. వాడికి మూడేళ్ళప్పుడు వాడి తండ్రి ఇంకో ఆవిడతో వెళ్ళిపోయాడు. మళ్ళీ కబురు లేదు, నేనూ అడగలేదు. వాడు నా తమ్ముళ్ళ ఇంట్లో పెరిగాడు. ఎవరి పిల్లాడు అని ఊళ్ళో అడిగినప్పుడల్లా తలొంచుకునేవాడు. వాడి పెళ్ళికి నలుగు పెడుతూ నేనే మడమ రుద్ది "ఉంది" అన్నాను. యోహాను వాణ్ణి ఎత్తుకుని పందిరంతా తిప్పాడు. తండ్రి ఇవ్వని ఇంటిపేరు ఆ ముడి ఇచ్చిందనుకున్నాడు నా కొడుకు. ఇప్పుడు ఆసుపత్రిలో ఒక కుర్రవాడు వచ్చి అది రోగం అన్నాడు.

"తాతని రోగిష్టివాడంటావా?" అన్నాడు, నన్ను పక్క వీధిలో వాళ్ళింటికి తీసుకొచ్చాక.

"నేననటం కాదురా. నలభై రెండేళ్ళకి పోయినవాణ్ణి పహిల్వాననమంటావా?"

"నాకేం లేదు. బస్తాలు మోస్తున్నాను."

"మీ తాతా మోశాడు. పోయిన రోజు పొద్దున కూడా మోశాడు."

అన్నం సగంలో లేచిపోయాడు. వాడి భార్య సుజాత, ఇద్దరు పిల్లలు నా వంక చూస్తున్నారు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. పిల్లలకీ పదేళ్ళలోపే రక్తం చూడాలన్నాడు డాక్టరు. ఆ మాట ఆ పూట మింగేశాను, మాత్రలతో పాటు.

చూడ్డానికి వచ్చినవాళ్ళ గురించి కూడా రాయాలి. ఒకాయన గుండెకి మంచిదని తెల్లమద్ది బెరడు తెచ్చాడు. ఒకావిడ వెల్లుల్లి తినమంది. ఒకావిడ వెల్లుల్లి మానమంది. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఒకరికొకరు తలూపుకున్నారు. మా పెత్తల్లి కూతురు గుండెజబ్బు మనిషిని చూడ్డానికి ఆత్రేయపురం నేతి పూతరేకులు పట్టుకొచ్చింది. "పల్చగానే ఉంటాయి, ఏం చెయ్యవు" అంది. నేను తినలేదు. ఒకటి సగం తిన్నాను. అబద్ధం ఎందుకు.

స్వస్థత కూటాలు పెట్టే ప్రసంగీకుడు ఒకాయన పక్క ఊరి నుంచి కారులో వచ్చి, ఇది తండ్రుల పాపం, ఒప్పుకుంటే విడుదల అన్నాడు. మా నాన్నకి పాపం చేసే తీరిక ఎప్పుడు దొరికిందండీ అన్నాను. తెల్లారితే చేలో ఉండేవాడు, పొద్దుగూకితే నిద్రపోయేవాడు. ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. మా అయ్యగారు మాత్రం వచ్చినప్పుడల్లా చిన్న ప్రార్థన చేసి, మాత్ర వేసుకున్నావా అని అడిగి వెళ్ళేవారు. ప్రార్థన కన్నా ఆ రెండో మాటకే నేను ఆమెన్ అనేదాన్ని.

ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు

గోదారికి వరద ఎర్రనీళ్ళు వచ్చేనాటికి మాత్రలు ఎంత మింగినా కొవ్వు దిగాల్సినంత దిగలేదు. డాక్టరు కొత్త సూది ఒకటి ఉందన్నాడు. జన్యువు నోరు మూయించే రకం అన్నాడు. ఖరీదు రాయను, రాస్తే మీరు చదవడం మానేసి లెక్కలు వేసుకుంటారు. వేయించింది దావీదు. "కొట్టుకొచ్చినవాడి పెన్షను కదక్కా, చెల్లుతుంది" అన్నాడు. వాడి హాస్యం ఎప్పుడూ అంతే, నవ్వాలో తలదించుకోవాలో తెలియదు.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. లివర్ అన్నాడు. నాకు బూరెల మూకుడులా కనిపించింది.

"లివర్ మీద తలుపులుంటాయమ్మా. రక్తంలో కొవ్వుని లోపలికి లాక్కుంటాయి. మీ ఇంటివాళ్ళకి పుట్టుకతోనే సగం తలుపులు పనిచెయ్యవు. మిగిలిన మంచి తలుపుల్ని కూడా పాడుచేసే పదార్థం ఒకటుంది. అది అందరి ఒంట్లోనూ తయారవుతుంది. దాన్ని తయారు చెయ్యమని జన్యువు కబురు పంపుతుంటుంది. ఈ మందు ఆ కబురుని దారిలోనే చెరిపేస్తుంది."

"అంటే మా నర్సరీలో యజమాని గదిలో కూర్చుని, ఫలానా వరస మొక్కలు పీకెయ్యమని చీటీ పంపుతాడు. మందు యజమాని జోలికి పోదు. చీటీ మేస్త్రికి అందకుండా చింపేస్తుంది. అంతేనాండీ?"

"దాదాపు అంతే. కానీ యజమాని మళ్ళీ రాస్తూనే ఉంటాడు. అందుకే ఇప్పుడొకటి, మూడు నెలలకొకటి, ఆ తర్వాత ఆర్నెల్లకొకటి."

"ఆ యజమానినే మాన్పించలేరా?"

"ఇంకా లేదమ్మా. ప్రయత్నాలు చేస్తున్నారు."

ఇన్ని చదువులు చదివి ఒక్క యజమానిని మాన్పించలేకపోయారన్నమాట అనుకున్నాను. పైకి మాత్రం, అయితే మాత్రలు మానెయ్యొచ్చా అన్నాను. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి బొమ్మ గీసిన కాగితం నలిపేశాడు. "మానితే నా దగ్గరికి రావద్దు" అన్నాడు. అతని మీద మొదటిసారి నాకు కాస్త గౌరవం కలిగింది.

సూది పొట్ట మీద వేశారు. ఇంతేనా అన్నాను. ఇంతే అంది నర్సు.

ఊరికి వచ్చేసరికి కబురు నాకన్నా ముందు చేరింది. సంతోషమ్మ రక్తం మార్చే సూది వేయించుకుందట. యోహాను భార్య మార్తమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"వదినా, ముడి పోద్దా?"

"అంత త్వరగా పోదు."

"పోతే మరి, నువ్వు మనింటి మనిషివేనంటావా?"

ఆమె నిజంగానే అడిగింది. చదువుకున్న మనిషి, పదో తరగతి. పుట్టుకకీ రోగానికీ తేడా తెలియకుండా తెల్లజుట్టు వచ్చేసింది. నేను పోయాక నా మడమ కోసి గోడకి తగిలించుకోమన్నాను. ఏడ్చుకుంటూ వెళ్ళింది. వెళ్ళి ప్రసాదుకి చెప్పింది. ప్రసాదు ఆ సాయంత్రం ఫోన్ చేసి, "రక్తం మార్చుకున్నావంట, మంచిది" అని పెట్టేశాడు. తర్వాత మాట్లాడ్డం మానేశాడు. మా వీధిలోంచే లారీ తోలుకెళ్ళేవాడు, హారను కొట్టకుండా.

మూడు నెలలకి రెండో సూది వేసేటప్పుడు రక్తం చూస్తే కొవ్వు సగానికి పైగా పడిపోయింది. డాక్టరు ఆ కాగితాన్ని పురిటిబిడ్డని చూపించినట్టు చూపించాడు. నాకు సంతోషం కలగలేదు. నా ఒంట్లో చీటీలు చిరుగుతున్నాయి. వాడి ఒంట్లో అందుతూనే ఉన్నాయి.

శ్రమదినాలకి ముందు

మా సంఘంలో శ్రమదినాలు మొదలైతే ఈస్టరు దాకా పెళ్ళిళ్ళు చెయ్యరు. అందుకని యోహాను చిన్న కొడుకు సామ్యేలు పెళ్ళి దానికి ముందే పెట్టారు. నలుగుకి ఇంటి పెద్దదాన్ని నేనే. మార్తమ్మ వచ్చి పిలవక తప్పలేదు.

సామ్యేలుని పీట మీద కూర్చోబెట్టారు. పందిరి నిండా జనం. ప్రసాదు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, నా వంక చూడకుండా. నేను సున్నిపిండి తీసుకుని పిల్లాడి మడమ రుద్దాను. ఇరవై ఆరేళ్ళ మడమ, మెత్తగా ఉంది. నరం మీద పెసరగింజంత తగిలింది. ఇంకోసారి రుద్దాను, లేకపోతే బాగుండునని. ఉంది.

అందరూ నా నోటివంక చూస్తున్నారు.

"ఉంది" అన్నాను. వెంటనే నవ్వులు మొదలయ్యాయి. "సోమవారం పొద్దున ఏమీ తినకుండా రాజమండ్రి వెళ్ళి రక్తం ఇవ్వరా. పెళ్ళికూతుర్ని కూడా తీసుకెళ్ళు. తనకీ తెలియాలి."

నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళికూతురి మేనమామ లేచి నిలబడ్డాడు. మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెళ్ళి పందిట్లో తాతని మళ్ళీ చంపావమ్మా" అన్నాడు ప్రసాదు. ఏడు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

వెనక కుర్చీలో కూర్చున్న దావీదుని పిలిచాను. అరవై దాటినవాడు, ఇప్పటికీ సైకిలు మీద రాజమండ్రి అంతా తిరుగుతాడు.

"ఒరే, ఇలా వచ్చి కాలు పెట్టు."

"నాకెందుకక్కా, నాకు రెండో పెళ్ళి చేస్తావా?"

"పెట్టరా."

పంచె పైకి లాక్కుని సామ్యేలు పక్కన కూర్చుని కాలు చాపాడు. మా మేనత్త లేదన్న మడమే. సున్నిపిండి పెట్టి అందరికీ కనపడేట్టు కింద నుంచి పైదాకా రుద్దాను.

"లేదు" అన్నాను. "నా తోడబుట్టిన తమ్ముళ్ళలో బతికున్నవాడు వీడొక్కడే."

దావీదు పాదం తుడుచుకుంటూ ప్రసాదు వంక చూశాడు.

"ఒరే మేనల్లుడూ. ఈ ముడి లేదని నన్ను కాలవలో కొట్టుకొచ్చాడన్నారు. మీ యోహాను మావయ్య పెట్టె మోసింది నేనే. నీ పెట్టె కూడా నన్నే మొయ్యమంటావా? నా మోకాళ్ళు బాగోలేవురా."

ప్రసాదు పందిరి దాటి వెళ్ళిపోయాడు. లారీ స్టార్టయిన చప్పుడు వినిపించింది. పెళ్ళి మాత్రం ఆగలేదు. పెళ్ళికూతురు గట్టిది. సోమవారం సామ్యేలుని వెంటబెట్టుకుని తనే రక్తం ఇప్పించింది. ఉంది. మాత్రలు మొదలుపెట్టారు. ఆ వయసులో మొదలుపెడితే చాలావరకు మాత్రలతోనే గడిచిపోవచ్చన్నాడు డాక్టరు. నాన్నకీ యోహానుకీ ఆ పాటి మాత్ర చెప్పేవాడు ఎదురుకాలేదు. ఎదురైనా వినేవాళ్ళు కాదు. మంచం పట్టని వంశం కదా.

మళ్ళీ ఎండలు ముదిరాక

మూడో సూదికి దావీదు, నేను వెళ్ళాం. హాల్లో ఎప్పటి జనమే. ఫోనులో గట్టిగా పాట పెట్టుకున్నవాడు, మనకన్నా ముందు వచ్చామని అబద్ధమాడేవాళ్ళు, రోగి పేరు అడిగితే ఇంటిపేరుతో పాటు పొలం సంగతి కూడా చెప్పేవాళ్ళు. నేను గోడ పక్కన కూర్చున్నాను.

కౌంటరు దగ్గర అమ్మాయి పేరు పిలిచింది. "ప్రసాదు గారూ."

ఆ పేరున్నవాళ్ళు రాజమండ్రిలో ఎంతమందో ఉంటారు. నేను తలెత్తలేదు. నా ముందు నుంచి వెళుతున్న కాళ్ళు చూశాను. చెప్పులు వదిలేసిన కాళ్ళు. ఎడమ మడమ మీద, కుడి మడమ మీద నేను రుద్దిన ముడులు. వాటి వెనకే చిన్న పాదాలు, స్కూలు బూట్లలో. పెద్దపిల్లని కూడా తెచ్చాడు. సుజాత వాళ్ళ వెనక నిలబడి, నన్ను చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుంది. ఆమెని తిట్టబోయి ఆగాను. తీసుకొచ్చింది ఆమే అయ్యుంటుంది.

బయటికొచ్చాక మోచేతి దగ్గర దూది పట్టుకుని, నాకు ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు.

"ఇది పోతే" అన్నాడు, కాలు కొంచెం ముందుకి చాపి, "నన్ను మనవాడంటారా అమ్మా, వాళ్ళు?"

"బతికుంటే ఏదో ఒకటి అంటారు. పడుదువుగాని."

దావీదు కిటికీ వైపు తిరిగి ముక్కు చీదాడు. నేను సాక్ష్యం నిలబడి చెప్పనన్నది ఇందుకే.

ప్రసాదుకి ఉంది. పిల్లకి కూడా ఉంది. చిన్నవాడికి ఇంకా చూడాలి. డాక్టరు ప్రసాదుకి మాత్రలు, పిల్లకి వయసుకి తగ్గ మందు రాశాడు. దానికి మడమ మీద ఇంకా ఏమీ లేదు, దేవుడి దయ వల్ల ఆ గుర్తు రాకుండానే పెరగొచ్చు. మా ఇంట్లో ఇక నలుగుకి మడమ రుద్దరు. రుద్దేదాన్ని నేనే కాబట్టి నేను మానేశాను, అడిగేవాళ్ళుంటే అడగమనండి.

నాకు ఆయాసం మెట్లెక్కితే వస్తుంది. నర్సరీకి వెళుతున్నాను, మట్టి నింపడం లేదు, మొక్కలకి అంట్లు కడుతున్నాను. నా కొడుకు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడు. లారీ ఏ ఊళ్ళో ఆగినా భోజనం వేళకి ఫోన్ మాత్రం చేస్తాడు.

"వేసుకున్నా" అంటాడు. పెట్టేస్తాడు.